బిలాస్‌పూర్ బిడ్డ – లెస్లీ క్లాడియస్

1927 మార్చి 25వ తేదీన బిలాస్‌పూర్ రైల్వే పట్టణమున జన్మించిన లెస్లీ క్లాడియస్ మొదట ఫుట్‌బాల్ ఆటగాడు. ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే వారి హాకీ సాధన చూడబోగా, ఒక ఆటగాడు తక్కువైనందున 1932 ఒలింపిక్ వీరుడు డికీ కార్ అతనిచేతికి కర్ర నిచ్చెనట!

మహాయుద్ధము 1940, 1944 ఒలింపిక్ క్రీడలను మ్రింగివేసినది. ఎందరో ఆటగాండ్ర యౌవనము దానితోనే గడచిపోయెను. ఆ విషయమున క్లాడియస్ అదృష్టవంతుడు. 1948లో లండనున స్వతంత్ర భారతపు తొలి ఒలింపిక్ స్వర్ణమును గెలిచిన జట్టులో అతడుండెను. 1952, 1956లలోను స్వర్ణములే. 1960లో రోమున అతడే నాయకుడు. 1928 నుండి చెదరని విజయపరంపర నాడు పాకిస్తాను చేతిలో ఒక్క గోలుతో తెగినది. నాయకునకు రజతము దక్కినది. ఓటమి భారమును అతనిదే అయినది.

కలకత్తా కస్టమ్సులో ఉద్యోగము చేసిన క్లాడియస్ 2012 డిసెంబరు 20న ఆ నగరముననే కన్నుమూసెను. ఆ యేటి ఒలింపిక్ క్రీడల సందర్భమున లండను రైల్వే పటములో ఒక స్టేషనుకు అతని పేరు పెట్టియుండిరి.