పొగను తిప్పి తిప్పి వదిలిన పొయ్యి

స్టాక్‌హోమ్‌లో వందేళ్లు దాటిన ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టినవాళ్లు గదిమూలలో నిలబడి ఉన్న దాన్ని చూసి బీరువా అనుకుంటారు. మనిషిని మించిన ఎత్తు, కొన్ని ఇళ్లలో ఏకంగా పైకప్పు దాకా. ఒళ్లంతా పింగాణీ మెరుపున్న పలకలు, వాటి మీద పువ్వులో తీగెలో, కింది భాగంలో చిన్న ఇత్తడి తలుపులు రెండు. తలుపు తీస్తే లోపల మడతపెట్టిన బట్టలేమీ ఉండవు. గుప్పెడు బూడిద, గోడలకు మసి. అది పొయ్యి. స్వీడిష్‌లో దాని పేరు కాకెలుంగ్న్. కాకెల్ అంటే పలక, ఉంగ్న్ అంటే పొయ్యి. అందులో మన ‘కాక’ వినిపించడం చెవి చేసే చిలిపితనమే తప్ప భాషా బంధుత్వం కాదు.

చూసేవాళ్లకు ఇంకో వింత కూడా తోస్తుంది. అంత పెద్ద ఒంటికి అంత చిన్న నోరేమిటి? ఒక చేతిలో ఇమిడేన్ని కట్టెలు పెడితే నిండిపోతుంది. పొద్దున గంటసేపు గట్టిగా మండించి ఆరనిస్తే, బయట మంచు కురుస్తున్నా సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాటి దాకా పలకలు వెచ్చగానే ఉంటాయి. మంట గంటసేపే, వెచ్చదనం రోజంతా. ఈ లెక్క కుదిరింది 1767లో. దాని వెనక ఉన్నది సుఖం మీద మోజు కాదు, కట్టెల కరువు.

అడవులకు పేరుపడ్డ దేశంలో కట్టెల కరువేమిటి అనిపించవచ్చు. పద్దెనిమిదో శతాబ్దంలో స్వీడన్ ఇనుము ఐరోపా సంతలన్నిటికీ వెళ్లేది, ముఖ్యంగా బ్రిటన్‌కు. ఆ ఇనుము కరగాలంటే బొగ్గు కావాలి. రాతిబొగ్గు కాదు, చెట్లను మట్టి కింద కప్పి కాల్చి చేసిన కర్రబొగ్గు. బెరిస్లాగెన్ ప్రాంతంలో కొలిమి చుట్టూ అడవి ఏటేటా వెనక్కి జరిగిపోతూ వచ్చింది. ఫాలున్ రాగి గనిలోనైతే బండ పగలాలన్నా దాని ఎదురుగా కట్టెలు పేర్చి మంట పెట్టాల్సిందే. దేశానికి డబ్బు తెచ్చే పరిశ్రమకూ, చలికి వణికే ఇంటికీ ఒకే చెట్టు దిక్కు. ఇంట్లో కాలే ప్రతి మొద్దూ కొలిమికి అందకుండా పోయిన మొద్దే అన్నది పాలకుల బాధ.

పైగా ఇంట్లో అది కాలేది దండగగా. గోడలోకి తొలిచిన గూట్లో మంట, దాని పైన నేరుగా ఆకాశంలోకి తెరుచుకున్న గొట్టం. ఇలాంటి పొయ్యిలో వేడిలో చాలా భాగం పొగతోపాటు పైకే పోతుంది. పోతూ పోతూ గదిలో వెచ్చబడ్డ గాలిని కూడా లాక్కుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి తలుపు సందుల్లోంచి, కిటికీ చీలికల్లోంచి బయటి చలిగాలి లోపలికొస్తుంది. అంటే మంట ఎంత పెద్దదైతే గదిలోకి అంత చలి. సంక్రాంతికి భోగిమంట దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఈ అనుభవం కొత్త కాదు. మొహం చుర్రుమంటుంటుంది, వీపు వణుకుతుంటుంది.

సరిగ్గా ఈ బాధనే అట్లాంటిక్ అవతల ఫిలడెల్ఫియాలో ఒక అచ్చాఫీసు యజమాని కూడా పట్టించుకున్నాడు. ఆయన పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఒకప్పుడు ఇంటి గుమ్మంలోనే దొరికిన కట్టెల కోసం ఇప్పుడు చాలా దూరం పోవాల్సి వస్తోందని ఆయన గమనించాడు. 1740ల మొదట్లో పోత ఇనుప పలకలతో ఒక పొయ్యి చేయించి, 1744లో దాని గురించి చిన్న పుస్తకం అచ్చేశాడు. ఫ్రాన్స్‌లో నికొలా గోజే 1713లోనే రాసిన ఆలోచనలు ఆయనకు దారి చూపాయి. పొగ నేరుగా పైకి పోకుండా ఒక ఇనుప పెట్టె మీదుగా ఎక్కి, వెనక కిందికి దిగి, నేల అడుగునుంచి గొట్టంలోకి పోవాలి. ఈలోపు ఆ పెట్టె వేడెక్కి గదిలోకి వెచ్చటి గాలి వదలాలి. పెన్సిల్వేనియా గవర్నరు పేటెంట్ ఇస్తానన్నా ఫ్రాంక్లిన్ వద్దన్నాడు. లండన్‌లో ఒక ఇనుప వ్యాపారి మాత్రం దాన్నే అటూ ఇటూ మార్చి పేటెంట్ పుచ్చుకున్నాడు. ఆ సంగతి ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో కోపం లేకుండానే రాసుకున్నాడు.

పుస్తకంలో బాగున్న పొయ్యి ఇళ్లలో అంతగా నిలబడలేదు. పొగ స్వభావం పైకి లేవడం. చల్లారిన పొగను కిందికి దిగమంటే అది మొండికేస్తుంది, గదిలోకే తిరగబడుతుంది. మంట జోరు తగ్గితే చాలు, కళ్లు మండేవి. తర్వాతివాళ్లు ఆ కింది దారిని తీసేసి మామూలు గొట్టం బిగించారు. ఈనాడు ‘ఫ్రాంక్లిన్ స్టవ్’ పేరుతో కనిపించేవాటిలో ఫ్రాంక్లిన్ అసలు ఆలోచన దాదాపు ఉండదు, పేరే మిగిలింది.

ఇటు స్వీడన్‌లో, తక్కువ కట్టెతో ఇల్లు వెచ్చబరిచే పొయ్యి రూపొందించే పనిని ప్రభుత్వ మండలి అప్పజెప్పింది కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెట్‌కు, జనరల్ ఫాబియన్ వ్రేడెకు. క్రోన్‌స్టెట్ రాజభవనాల నిర్మాణాలు చూసిన వాస్తుశిల్పి. కుర్రతనంలో యంత్రాల మేధావి క్రిస్టొఫెర్ పోల్‌హెమ్ దగ్గర శిష్యరికం చేసి, ఆయన యంత్రాలను బొమ్మలుగా గీసి పెట్టుకున్నవాడు. (నికెల్ లోహాన్ని కనుగొన్న క్రోన్‌స్టెట్ వేరే ఆయన.) పలకల పొయ్యి అప్పటికే కొత్తది కాదు. పదహారో శతాబ్దం నుంచే కోటల్లో ఉంది. అయితే లోపల దారి సూటిగా ఉండటంతో వేడి నిలవకుండానే పొగగొట్టం ఎక్కేది. వాళ్లిద్దరూ పై అలంకారాన్ని వదిలేసి కడుపులో చెయ్యి పెట్టారు.

చేసింది ఇదీ. మంట గూడు పైన నడుమ ఒక నిలువు దారి. పొగ అందులోంచి పొయ్యి నెత్తి దాకా లేస్తుంది. అక్కడ రెండుగా చీలి, చెరో పక్కన ఉన్న దారిలో అడుగుదాకా దిగుతుంది. దిగినచోటి నుంచి మరో రెండు దారుల్లో మళ్లీ పైకెక్కి, అప్పుడు గాని ఇంటి పొగగొట్టంలో కలవదు. మొత్తం అయిదు దారులు. ఫ్రాంక్లిన్‌కు కుదరనిది ఇక్కడ ఎందుకు కుదిరిందంటే, మొదటి దారిలో మంట మీది వేడి పొగ జోరుగా లేచి, ముందు ఉన్నదాన్ని నెట్టుకుంటూ పోతుంది. చుట్టూ ఉన్నదేమో పలచటి ఇనుము కాదు, ఇటుక, బంకమట్టి. ఇనుము తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది. ఇటుక నిదానస్తురాలు. తీసుకోవడానికి గంట, ఇవ్వడానికి పగలంతా. 1775లో క్రోన్‌స్టెట్ రకరకాల పొయ్యిల వివరాలు బొమ్మలతో పుస్తకంగా వేయించాడు. ఊరి మేస్త్రీ ఎవరైనా చూసి కట్టుకునే వీలు కలిగింది.

కట్టె ఆదాతోపాటు వాళ్లు వెతకని లాభం ఇంకొకటి దక్కింది, శుభ్రత. కట్టె కట్టెగా మండదు. వేడి తగలగానే దాని బరువులో దాదాపు అయిదింట నాలుగు వంతులు ఆవిరిగా, వాయువులుగా బయటికొస్తాయి. మనకు మంటగా కనిపించేది ఆ వాయువులు మండటమే. అవి పూర్తిగా మండాలంటే దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి, తగినంత గాలి కావాలి. రెంటిలో ఏది తగ్గినా మండకుండా మిగిలినదే పొగ, మసి, తారు. అంటే నల్లటి పొగ వదిలే పొయ్యి ఇంధనాన్ని గాల్లో పారబోస్తున్నట్టే. కాకెలుంగ్న్‌లో మంటను ఎప్పుడూ అణచరు. చిన్న గూట్లో, బాగా గాలి ఇచ్చి, భగ్గున మండిస్తారు. నిదానమంతా ఇటుక చూసుకుంటుంది కాబట్టి మంటకు నిదానం అవసరం లేదు. కట్టె మాత్రం ఎండినదై ఉండాలి. అప్పుడే నరికిన కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. ముందు ఆ నీళ్లు మరిగి పోతేగాని వేడి మొదలవదు. చలి దేశాల్లో వసంతంలోనే కట్టెలు చీల్చి, ఎండకూ గాలికీ పేర్చి, తేమ అయిదో వంతుకు దిగేదాకా ఆగేది ఇందుకే.

ఒక్క ప్రమాదం ఉంది. నిప్పు ఆరాక వేడి గొట్టంలోంచి జారిపోకుండా పైన ఒక ఇనుప మూత వెయ్యాలి. దానికి రెండు తాళ్లు వేలాడుతుంటాయి. ఒకటి లాగితే మూత తెరుచుకుంటుంది, రెండోది లాగితే మూసుకుంటుంది. ఆలస్యంగా మూస్తే వేడి పోతుంది, తొందరపడితే ప్రాణం పోతుంది. కణికల మీద నీలి మంట ఆడుతున్నంతసేపూ కార్బన్ మోనాక్సైడ్ పుడుతున్నట్టే. దానికి రంగు లేదు, వాసన లేదు. పిసినారితనానికి పోయి మూత ముందే దింపి, తెల్లారి లేవని ఇళ్లు ఆ దేశంలో ఉన్నాయి.

బ్రిటిష్‌వాళ్ల దారి వేరు. మంట కంటికి కనపడకపోతే వాళ్లకు చలి తీరదు. అమెరికాలో పుట్టి, బవేరియాలో కౌంట్ రమ్‌ఫర్డ్ అయిన బెంజమిన్ థాంప్సన్ 1796లో వాళ్ల గూటి పొయ్యిలనే సరిదిద్దాడు. లోతు తగ్గించి, పక్కగోడలు వాలుగా కట్టి, గొట్టం గొంతు ఇరుకు చేశాడు. పొగ గదిలోకి రావడం తగ్గింది, వేడి గదిలోకి రావడం పెరిగింది. లండన్ పెద్దిళ్లలో అదొక మోజైపోయింది. జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ అబీ’ నవలలో పాడుబడ్డ మఠాన్ని ఊహించుకుంటూ వచ్చిన అమ్మాయికి తీరా అక్కడ కనిపించేది రమ్‌ఫర్డ్ పొయ్యే. మంచి పనే గాని, గొట్టం ఎప్పటిలాగే తెరిచే ఉంది.

స్వీడన్‌లో కాకెలుంగ్న్ ముందు భవనాల్లో, జమీందారీ ఇళ్లలో నిలిచింది. రోర్‌స్ట్రాండ్, మారియెబెరి పింగాణీ కర్మాగారాలు దానికి పలకలు చేశాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పలకలు చవకయ్యాక నగరాల్లో అద్దె ఇళ్లలోనూ గదికొకటి వెలిసింది. గదికొక పొయ్యి అంటే చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. పెరట్లోని కట్టెల కొట్టునుంచి మూడో అంతస్తుకు మోపులు మోసే పనిపిల్లకు ఎలా ఉండేదో వేరే చెప్పాలా?

మోత తప్పించింది రేడియేటరు. ఇరవయ్యో శతాబ్దంలో నేలమాళిగలో ఒక్క బాయిలరు, గదిగదికీ వేడినీళ్ల గొట్టాలు వచ్చాక కాకెలుంగ్న్‌లు అలంకారమయ్యాయి, చాలాచోట్ల కూల్చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో బయటి బొగ్గు, చమురు అందక స్టాక్‌హోమ్ వీధుల్లో, ఖాళీ స్థలాల్లో కట్టెల పేర్పులు ఇళ్లంత ఎత్తున లేచాయి. యుద్ధం అయిపోయింది, చమురు మళ్లీ వచ్చింది. 1973లో చమురు ధర భగ్గుమన్నాక మళ్లీ కట్టె గుర్తొచ్చింది.

ఈసారి తప్పటడుగు వేసింది అమెరికా. గాలి చొరబడని ఇనుప పొయ్యిలు అక్కడ వరదలా అమ్ముడుపోయాయి. రాత్రి మొద్దులు కుక్కి, గాలి కంత బిగించి పడుకుంటే తెల్లారేదాకా కనలుతూ ఉంటుందని వాటి గొప్ప. కనలడమంటే సగం మండటమే. గొట్టాల్లో తారు పేరుకుని అంటుకోవడం, చుట్టూ కొండలున్న ఊళ్లలో చలికాలం పొగ కమ్ముకుని కదలకపోవడం మొదలైంది. ఒరెగాన్ రాష్ట్రం ముందుగా నిబంధనలు పెట్టింది. 1988లో దేశమంతటికీ వచ్చాయి. దాంతో పొయ్యి పై భాగంలో వేడిచేసిన గాలిని సన్నటి కంతల్లోంచి వదిలి, పారిపోయే పొగను అక్కడే రెండోసారి మండించే రకాలు వచ్చాయి. ఐరోపా సమాఖ్య నియమాలు 2022 జనవరి నుంచి ఇంకా బిగిశాయి. ఇంత చేసినా కట్టె పొయ్యి సన్నని ధూళి వదలకుండా ఉండదు. ఇళ్లు కిక్కిరిసిన నగరంలో దాన్ని ‘స్వచ్ఛం’ అనడం అమ్మేవాళ్ల మాట.

పొగను దారి మళ్లించే ఆలోచన హైదరాబాద్‌లోనూ ఒకసారి తలుపు తట్టింది. 1953లో హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్’ అని ఒక చిన్న పుస్తకం తెచ్చారు. మట్టితో కట్టే పొయ్యి, ఒకదాని వెనక ఒకటిగా గిన్నెలకు కంతలు, చివర గొట్టం. మొదటి గిన్నె కింద మంట, మిగతావాటి కింద పొగ. ఊదుగొట్టం పట్టుకుని కళ్లు నులుముకునే ఆడవాళ్ల కోసం ఒక ఇంజనీరు కూర్చుని ఆలోచించడమే ఆ రోజుల్లో పెద్ద సంగతి. 1983లో మొదలైన జాతీయ కార్యక్రమం పొగరాని పొయ్యిలను ఊరూరా కట్టించింది. చాలాచోట్ల పొగ తగ్గింది గాని కట్టె అనుకున్నంత మిగల్లేదు. స్టాక్‌హోమ్‌లో వరమైన బరువు ఇక్కడ శాపం. వంటకు వేడి గిన్నెకు తగలాలి, మట్టిగోడకు కాదు. పైగా తెలంగాణ ఎండాకాలంలో రాత్రి దాకా వెచ్చగా ఉండే గోడ ఎవరికి కావాలి?

స్వీడన్‌లో మిగిలిన కాకెలుంగ్న్‌లలో చాలా వాటి గొట్టాలు ఇప్పుడు మూతపడ్డాయి. గూట్లో కొవ్వొత్తులు పెట్టుకుంటారు. గొట్టం పరీక్ష చేసినవాళ్లు సరేనన్న ఇళ్లలో మాత్రం జనవరి సాయంత్రాల్లో ఎండిన బర్చ్ కట్టెలు ఇంకా భగ్గుమంటాయి. మంట తగ్గాక ఇంటి పెద్ద ఇత్తడి తలుపు ఓరగా తీసి, మూత తాడు చేత్తో పట్టుకుని, కణికల మీద చివరి నీలి రేక ఆరిపోయేదాకా అలాగే చూస్తూ కూర్చుంటాడు.