ఆబ్కారీ రాబడియు తెలుగు కుటుంబమును

తెలుగునాట మద్యపానమును గూర్చి వెలువడిన వ్యాసములలో పెక్కింటికి ఒకే నడక గలదు. వేదకాలపు సోమసురలతో ఆరంభించి, స్మృతుల నిషేధములను పేర్కొని, ఈ యలవాటు మానవునితోడనే పుట్టినదనియు, అందును పేదలకును కొండజాతులకును ఇది సహజమనియు తేల్చి, అటుపిమ్మట గాంధీ మహాత్ముని ప్రబోధమునకును, అచ్చటినుండి దూబగుంట స్త్రీల యుద్యమమునకును దుమికి, మద్యనిషేధము మంచిదేగాని సాగునది కాదను నిట్టూర్పుతో అవి ముగియుచుండును. ఈ కథనములో అసత్యముకంటె లోపమే హెచ్చు. త్రాగినవాని సంగతి యిందున్నది. త్రాగించిన వ్యవస్థ సంగతి లేదు. ఇంటి పెరటిలోని కల్లుకుండ ఎట్లు దుకాణమునకు తరలినదో, దుకాణములోని సారా ఎట్లు మరల ఇంటి గడపకు వచ్చినదో, నడుమ కూలిడబ్బు ఏ దారిని పోయినదో తెలిపెడి ఘట్టము, అనగా 1870 మొదలుకొని ఆ శతాబ్దాంతము వరకు గల ఆబ్కారీ (మద్యపు సుంకము) కాలము, ఒకటి రెండు వాక్యములతో దాటవేయబడుచున్నది. ఈ చరిత్రకు కీలకము అచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

ప్రాచీన దశను గూర్చి హెచ్చుగ చెప్పవలసిన పనిలేదు. మనుస్మృతి సురాపానమును మహాపాతకములలో చేర్చినది. కౌటిల్యుని అర్థశాస్త్రము సురాధ్యక్షుడను అధికారిని కల్పించి, మద్యపు తయారీని, అమ్మకమును రాజ్యపు చేతిక్రిందికి తెచ్చినది. కావున మద్యముపై రాబడి తీయుట ఇంగ్లీషువారితో పుట్టినదని వాదించుట చెల్లదు. చరకసంహిత చికిత్సాస్థానములో మదాత్యయమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. విధి ననుసరించి, ఆహారముతో, మితముగ పుచ్చుకొన్న మద్యమును ఆ గ్రంథము మెచ్చుకొన్నమాట నిజమే. నేటి వైద్యము ఆ మెప్పును సమ్మతింపదు. సుశ్రుతసంహిత పానాత్యయము, పరమదము, పానాజీర్ణము, పానవిభ్రమము అని వేర్వేరు వికారములను గుర్తించినది. అతిపానము పాపము మాత్రమే కాదు, శరీరమును పట్టుకొని విడువని రోగము కూడ నను నెరుక ఆ వైద్యులకుండెను. తరువాతి సంఘసంస్కర్తలలో అనేకులు ఆ యెరుకను పోగొట్టుకొని, త్రాగుబోతును నీతి చెప్పి మార్చవచ్చునని తలచిరి.

ఆబ్కారీకి పూర్వము తెలుగు పల్లెలలో ప్రధానమైన పానీయము కల్లు. మైదానములలో తాటిచెట్టు, ఈతచెట్టు, తూర్పు కనుమల ఏజెన్సీలో జీలుగుచెట్టు దానికాధారములు. కల్లు గీసిననాడే త్రాగవలసినది, మరునాటికి పులిసిపోవును. దూరము తీసికొనిపోవుటకును, నిలువచేయుటకును అది పనికిరాదు. ఋతువును, చెట్టును, గీతకార్మికుని ఓపికను బట్టి దాని లభ్యత యుండును. దానిలోని మత్తు స్వల్పము. సారాలోని మత్తు దానికి అనేకరెట్లు. ఈ భౌతిక లక్షణములే త్రాగుడునకు ఒక హద్దును ఏర్పరచినవి. ఆ కాలమును స్వర్ణయుగముగ చిత్రించుట నా యుద్దేశము కాదు. కల్లునకు బానిసలైనవారును, వారి చేతి దెబ్బలు తిన్న భార్యలును అప్పుడును ఉండిరి, ఇప్పపూవు సారా యను బట్టీసారాయు ఎరుగనిది కాదు. అయినను ఒక వ్యసనము ఇంటికి ఏపాటి నష్టము చేయుననునది, అది నగదునకు ఎంతగా ముడిపడియున్నదను దానిపై ఆధారపడును. పెరటిచెట్టు కల్లునకు నగదు అక్కరలేదు.

ఆ ముడి ఎట్లు పడినదో 1879 నాటి రంప తిరుగుబాటు స్పష్టముగ చూపుచున్నది. గోదావరి ఏజెన్సీలోని రంపదేశమున మన్సబుదారను జమీందారు క్రింద ముఠాదారులను కొండ గ్రామముల పెత్తందార్లుండిరి. వేసవిలో ధాన్యము తరిగిపోయిన నెలలందు జీలుగు కల్లు అచ్చటి ప్రజలకు సగము ఆహారము. ఆబ్కారీ నిబంధనలు ఆ కొండలకు విస్తరించి, కల్లు హక్కు గుత్తకీయబడి, ఇంటివాడుకకు గీసికొనుట సైతము నిషిద్ధమయ్యెను. దీనికితోడు మన్సబుదారు చిగురుపన్నను పేరిట కల్లుపై మరియొక వసూలు మొదలిడెను. 1879 మార్చిలో తిరుగుబాటు చెలరేగి, పోలీసు ఠాణాలు దగ్ధమై, ఏజెన్సీ యెల్ల అట్టుడికినది. కారము తమ్మన్నదొర మొదలగువారి నాయకత్వమున అది మరుసటి యేటివరకు సాగినది. దానిని అణచుటకు ప్రభుత్వము సైన్యమును పంపవలసి వచ్చెను.

ఈ పితూరీకి కల్లు పన్ను ఒక్కటే కారణమని నేననను. పల్లపు వర్తకులు కోర్టు డిక్రీలతో కొండవాండ్ర పశువులను, ధాన్యమును తోలుకొనిపోవుట, పోలీసుల లంచములు, పోడుపై ఆంక్షలు, మన్సబుదారుని దౌష్ట్యము, అన్నియు కలసినవి. కాని ఆ కారణములలో చిగురుపన్ను ముందువరుసలోనిదని నాటి అధికారులే అంగీకరించిరి. ఇది గ్రహించినచో, కొండజాతులు స్వభావముచేతనే త్రాగుబోతులను మాట యెంత తలక్రిందులైనదో తెలియును. తమ చెట్టు కల్లును తాము త్రాగుటకై వారు తిరుగబడిరి. ప్రభుత్వము కోరినది వారు త్రాగుట మానవలెనని కాదు, గుత్తదారునికి రొక్కమిచ్చి త్రాగవలెనని. రంపను గూర్చి వ్రాసిన చరిత్రకారులలో పెక్కురు దీనిని అటవీ సమస్యగ చూచిరి, మద్యమును గూర్చి వ్రాసినవారిలో పెక్కురు అసలే చూడలేదు.

1886లో మద్రాసు ఆబ్కారీ చట్టము వచ్చినది. దాని తర్కము సుబోధకము: చెట్టుకు పన్ను, దుకాణమునకు వేలము, సారాకు కేంద్రీకృతమైన డిస్టిలరీ. చెల్లాచెదరుగ పల్లెపల్లెన కాగు సారాను లెక్కించుట అధికారులకు దుస్సాధ్యము. ఒకచోట కాచి, కొలిచి, సుంకము కట్టించి పంపిన సారాను లెక్కించుట సులభము. వేలములో హెచ్చుపాట పాడిన కాంట్రాక్టరు ఆ సొమ్మును సంవత్సరము తిరుగులోపల రాబట్టుకొనవలెను. అందుచేత అతడు దుకాణమును కూలిజనము మసలుచోట, సంతదారిన పెట్టుటయు, కూలి ముట్టిన దినమున అప్పు వసూలు చేసికొనుటయు వ్యాపారధర్మమయ్యెను. నిజాము రాష్ట్రములోను, పరిపాలన వేరైనను, ఆబ్కారీ వేలముల పద్ధతి ఇంచుమించు ఇదియే. ఈ విధానమును నిరసించుచు 1888లో డబ్ల్యూ. ఎస్. కెయిను మొదలగువారు ఇంగ్లండులో మద్యవ్యతిరేక సంఘమును స్థాపించిరి. మరుసటి యేడు కామన్సు సభలో భారత ఆబ్కారీ విధానమునకు ప్రతికూలమైన తీర్మానమే నెగ్గినది. సర్కారు మాత్రము తమ యుద్దేశము గరిష్ఠమైన రాబడి, కనిష్ఠమైన వినియోగము అనుచు వచ్చెను. ఈ రెండును పొసగునవి కావని వేలపు చీటీలను చూచిన ఎవరికైనను బోధపడును. మన దేశములో రఘుపతి వెంకటరత్నము నాయుడువంటి పూజ్యులు వ్యక్తిశుద్ధిని బోధించుచు మద్యమును ఖండించిరి. ఆ బోధ ఉదాత్తమైనది. వేలముపాట దాని చేతికందనిది.

జాతీయోద్యమ దశ సుప్రసిద్ధము. 1921లోను, తరువాత 1930లోను కల్లు దుకాణములయెదుట పికెటింగు జరిగెను. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము నమలుచేసి, మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. ఒక విశేషము మాత్రము మరువదగినది కాదు: పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను పుట్టినది. యుద్ధకాలమున నిషేధము సడలినది, స్వాతంత్ర్యానంతరము రాష్ట్రమంతట మరల వచ్చినది, పిమ్మట ఆంధ్రదేశమున తొలగినది. అమ్మకపు పన్ను మాత్రము నిలిచినది. ప్రజలు రెండు మార్గముల చెల్లించుట ఆనాడు మొదలైనది. 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయినది మద్యనిషేధ వివాదముపైననే.

1980వ దశకములో వారుణి వాహిని పేరిట ప్రభుత్వ సారా పాలిథీను ప్యాకెట్లలో పల్లెలకు వచ్చినది. బరువు లేదు, పగులదు, సైకిలుమీద పొలముగట్టుకైనను చేరును. కల్లునకు ప్రకృతి విధించిన హద్దులన్నియు ఈ ప్యాకెట్టుతో తొలగినవి. రాష్ట్రపు ఎక్సైజు రాబడి 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు కాగా, 1991-92 నాటికి 812 కోట్లకు పెరిగినది. ఈ సొమ్ములో అధికభాగము రోజుకూలితో బ్రతుకు కుటుంబములది. రెండు రూపాయలకు కిలో బియ్యమిచ్చిన ప్రభుత్వమే ఆ యింటి యజమానినుండి సారాపేర అంతకు మించిన మొత్తమును తీసికొనుచున్నదని పల్లె స్త్రీలు వ్రేళ్లపై లెక్కవేసి చెప్పిరి.

కావున 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు సారా దుకాణమును మూయించుట అక్షరాస్యతా వాచకములోని ఒక పాఠము చదివినంతనే జరిగిన అద్భుతమను వ్యాఖ్య నాకు పలుచగా తోచును. అక్షరదీప కార్యక్రమము వారిని సాయంకాలములందు ఒకచోట కూర్చుండబెట్టినది. ఆ మేలు గొప్పది. పత్రికలు ఆ వార్తను జిల్లాలు దాటించినవి. అంతకుముందే తెలంగాణములో పీపుల్స్‌వార్ అను నక్సలైటు పార్టీ సారాపై ప్రచారము సాగించియుండెను. కాని పాఠమునకు పూర్వమే లెక్క వారికి తెలియును: దినకూలి యెంత, దానిలో ఇంటికి వచ్చినదెంత, పిల్లవానిని బడి మాన్పించినది ఎన్నడు. వారు భర్తలకు నీతి బోధింపక, నెల్లూరులో వేలముపాటలను అడ్డగించి మాటిమాటికి వాయిదా వేయించుట గమనింపదగినది. నూరేండ్ల ఆబ్కారీ విధానములో పట్టు ఎచ్చటనున్నదో విద్వాంసులకంటె ముందు వారు కనుగొనిరి. 1993 ఏప్రిలు 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది.

ఇక నేటి స్థితి. సారా నిషేధము మిగిలినను, దాని స్థానమును చౌకరకపు క్వార్టరు సీసా ఆక్రమించినది. తెలంగాణములో 2023లో 2,620 దుకాణములకు లాటరీ వేయగా, తిరిగి యీయని దరఖాస్తు రుసుము వలననే 2,600 కోట్లకు మించి వచ్చినది. ఆంధ్రప్రదేశములో 2019 పిమ్మట దశలవారీ నిషేధము వాగ్దానము చేసిన ప్రభుత్వమే, మద్యపు రాబడిని ఆధారముగ చూపి బేవరేజెస్ కార్పొరేషను ద్వారా 8 వేల కోట్లకు పైగా బాండ్లు అమ్మించెను. రాబోవు త్రాగుడును ముందుగనే కుదువబెట్టినవారు దానిని తగ్గింతుమనుట నమ్మదగినది కాదు. తరువాతి ప్రభుత్వము 99 రూపాయల క్వార్టరును పేదలకుపకారముగ ప్రకటించుట నాకు మరింత వ్యథ కలిగించినది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము పదునైదేండ్లు పైబడిన పురుషులలో మద్యము పుచ్చుకొనువారు దేశమున నూటికి సుమారు 19 మంది. తెలంగాణమున 43 మంది.

దేహము ఈ రాజకీయముల నెరుగదు. కాలేయము మద్యమును విరిచి అసిటాల్డిహైడను విషముగ మార్చును. దీర్ఘకాలము త్రాగువానికి కాలేయమున క్రొవ్వు పేరుకొని, వాచి, తుదకు గట్టిపడి సిరోసిస్ దాపురించును. అన్నహితవు నశించి, బి-1 విటమిను కొరతచేత మెదడు దెబ్బతినును. గొంతు, అన్నవాహిక, స్తనము మొదలగు అవయవముల క్యాన్సరులకు మద్యము కారణమని స్థిరపడినది. వ్యసనము ముదిరినవాడు హఠాత్తుగ మానినచో వణకు, మతిభ్రమ, మూర్ఛలు కలిగి ప్రాణమే పోవచ్చును. 2015లో తెలంగాణములో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరము కాగా, ఆ కల్లులోని మత్తుమందులకు అలవాటుపడిన కూలీలు నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతములలో మతి చలించి ఆసుపత్రుల పాలైరి, కొందరు మరణించిరి.

ఈ కారణముచేత ఒక్క సంతకముతో ముగియు నిషేధముపై నాకు సందేహములు గలవు. అనుమతి లేక పల్లెలలో మద్యమమ్ము బెల్టుషాపులను మూయుట, దుకాణములను కూలిజనపు దారులనుండి తొలగించుట, ఆదాయ లక్ష్యములను అధికారుల తలపైనుండి దింపుట ముందు జరుగవలెను. వానితోపాటే ప్రతి ఏరియా ఆసుపత్రిలో మద్యము మాన్పించు వైద్యుడును, కొన్ని పడకలును, త్రాగువాని భార్య తన మాట చెప్పుకొనుటకొక గదియు ఉండవలెను. వీనికగు వ్యయము ఎక్సైజు రాబడిలో అత్యల్పభాగము. ఏ ప్రభుత్వమైనను తలచినచో వచ్చు బడ్జెటులోనే దానిని చూపవచ్చును.