పాత మాత్ర, కొత్త కంప్యూటర్

ఈసారి కొంచెం పొడుగ్గా రాశాను, ఓపిగ్గా చదవండి.

మన సభ్యుల్లో ఒకరి మనవడికి రక్త క్యాన్సర్. బెంగళూరులో చికిత్స నడుస్తోంది. మొన్న ఆయన ఫోన్ చేసి, "అన్నా, ఇప్పుడు క్యాన్సర్ మందులు కంప్యూటర్లోనే తయారు చేస్తున్నారంట కదా. మావాడికేమో మా నాయన కాలం నాటి మెథోట్రెక్సేట్ మాత్రలే ఇస్తున్నారు. మానిపించి వేరేచోట చూపిద్దామా?" అని అడిగారు. దీనికి జవాబు భీమవరంలో మొదలవుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో అక్కడ పుట్టారు. అప్పుడు మన బళ్లారి, ఆ భీమవరం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములు ఇద్దరిని పొట్టన పెట్టుకుంది. ఆయన మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది.

బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఒక సంగతి గమనించారు. ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇస్తే లుకేమియా పిల్లలకు జబ్బు ఇంకా ముదిరింది. అయితే దానిలాగే కనిపించి, దాని పని చెడగొట్టే నకిలీని ఇస్తే? సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్ చేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి: 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్లకే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడే మెథోట్రెక్సేట్.

ఆ మందు ఒక ఎంజైమ్‌ను పట్టుకుని ఆపుతుంది. తాళంలో వేరే చెవి ఇరుక్కున్నట్టు. ఆ తాళం రూపాన్ని 1977లో కాలిఫోర్నియాలో డేవిడ్ మాథ్యూస్, జోసెఫ్ క్రౌట్ బృందం ఎక్స్‌రేలతో మందుతో సహా చూపింది. ఫోలిక్ ఆమ్లం కూర్చున్నట్టే నకిలీ కూడా కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే దాని తల భాగం తిరగబడి కూర్చుంది! చూడకుండా ఊహిస్తే ఎంత పొరపడతామో ఇదే సాక్ష్యం.

కంప్యూటర్ పని ఇక్కడ మొదలైంది. తాళం రూపం తెలిస్తే, ఏ చెవి సరిపోతుందో తెరమీదే వేల అణువులను పెట్టి చూడొచ్చు. 1982లో అమెరికాలో ఇర్విన్ కుంట్జ్ బృందం అలాంటి ప్రోగ్రామ్ ఒకటి ప్రకటించింది. దీనికి పునాదుల్లో మనవాళ్ల రాయీ ఉంది: ప్రోటీన్ గొలుసు ఏయే మలుపులు తిరగగలదో 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం లెక్కగట్టింది. ప్రోటీన్ నమూనాలను నేటికీ ఆ పటంతో సరిచూస్తారు.

కానీ తెరమీద సరిపోయిన చెవి ఇంకా మందు కాదు, అభ్యర్థి మాత్రమే. ఒంట్లోకి వెళ్తే కాలేయం దాన్నేం చేస్తుందో, మంచి కణాలను కూడా చంపుతుందేమో, ప్రయోగశాలలోనూ జంతువుల్లోనూ తర్వాత మనుషుల్లోనూ చూడాలి. దానికి ఏళ్లు పడుతుంది, చాలావరకు మధ్యలోనే రాలిపోతాయి. మెథోట్రెక్సేట్ ఆ పరీక్షలన్నీ ఎప్పుడో దాటింది. ఇతర మందులతో కలిపి ఇస్తే నేడు ఎందరో పిల్లలు కోలుకుంటున్నారు.

ఆయనకు ఇదే చెప్పాను: "పాతదని మానొద్దు. డాక్టరు వారానికొకసారి అంటే వారానికొకసారే, పొరపాటున కూడా రోజూ వెయ్యొద్దు, ప్రమాదం. అనుమానముంటే ఆ డాక్టరునే అడుగు." బాబు త్వరగా కోలుకోవాలని మనమంతా కోరుకుందాం.