తెల్లకుక్క చెవులు

మా పిన్ని కూతురు కిందటేడు రాజపాళయం జాతి కుక్కపిల్లను తెచ్చుకుంది. ఇల్లేమో ఊరి చివర. మరిదిగారు వారంలో నాలుగు రోజులు క్యాంపుల్లోనే ఉంటారు. కాపలాకి ఉంటుందని తెచ్చుకుంది. పాలమీగడలాంటి ఒళ్ళు, గులాబీ ముక్కు, తేనెరంగు కళ్ళు, చూసినవాళ్ళంతా మురిసిపోయారు. నేను వెళ్ళిన రోజు కుక్కర్ కూతవేస్తే ఆ పక్కనే పడుకున్న పిల్ల చెవి కూడా కదపలేదు. "ఎంత నెమ్మదో చూడక్కా" అంది మా చెల్లెలు. నెమ్మది కాదు, దానికి వినపడదని తర్వాత డాక్టరుగారు తేల్చారు.

ఆ బాధతోనే ఈ కుక్కల పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను. చదివితే మన కథే కనిపించింది. రాజపాళయం తమిళనాడులో, పడమటి కనుమల కింద ఉన్న ఊరు. పాళయమంటే మన పాళెమే. విజయనగర, నాయకరాజుల కాలంలో తెలుగుదేశం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ రాజులు ఇప్పటికీ ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఆ పాలెగాళ్ళ ఇళ్ళల్లో అడవిపందుల వేటకీ, పొలాల కాపలాకీ పెరిగిన జాతి ఇది. 1799-1805 మధ్య ఇంగ్లీషువాళ్ళతో పాలెగాళ్ళు చేసిన యుద్ధాల్లో ఈ కుక్కల్ని శత్రువుల గుర్రాల మీదికి ఉసిగొల్పేవారని కూడా చెప్పుకుంటారు. 2005లో మన తపాలాశాఖ వేసిన కుక్కల స్టాంపుల్లో దీనికీ చోటు దక్కింది.

ఈ జాతిలో నల్లవీ, గోధుమరంగువీ కూడా పుడతాయట. కానీ అందరికీ తెల్లదే కావాలి. రంగున్న పిల్లల్ని పుట్టగానే తీసేసేవారని చదివి పుస్తకం మూసేశాను. పెళ్ళిచూపుల్లో ఒంటిరంగు చూసే మనకి ఇది కొత్తేమీ కాదు లెండి. రంగునిచ్చే కణాలే లోపలి చెవి పనిచేయడానికీ కావాలట. అవి అక్కడ లేకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి పోతుంది. తెల్లవన్నీ చెవిటివి కావు గానీ, తెల్లదాన్ని తెల్లదానితోనే తరాల తరబడి కలుపుతూ పోతే మా చెల్లెలి కుక్కలాంటివి పుడుతుంటాయి. అమ్మినతను ఆ మాటే ఎత్తలేదు.

మీరెవరైనా కొనేముందు పిల్ల చూడనప్పుడు వెనకనుంచి తాళాలగుత్తి గలగలలాడించండి. నేలమీద ఏదీ పడేయకండి, అదురు తెలిసి తిరిగి చూస్తుంది, మనం వినపడిందనుకుంటాం. ఒక చెవే వినపడకపోతే ఇంట్లో కనిపెట్టలేం, డాక్టరు పరీక్ష చేయాల్సిందే.

ఇక దీని స్వభావమంటారా, ఇంట్లో ఒక్కరికే పూర్తిగా లొంగుతుంది. కొత్తవాళ్ళు ముట్టుకుంటే సహించదు, చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు పక్కగదిలో ఉంచాలి. భుజం దగ్గరే సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు పెరిగే వేటకుక్క ఇది, రోజూ పరుగెత్తనివ్వాలి. గొలుసుకి కట్టేస్తే కోపిష్టిదవుతుంది. పొట్టి బొచ్చు కాబట్టి తరచు స్నానాలక్కర్లేదు. గులాబీ ముక్కుకి మాత్రం మిట్టమధ్యాహ్నపు ఎండ పడదు. మిగిలిన సాంబారన్నం కలిపి పెట్టే అలవాటు మనకుంది కదా, ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది. మా ఇంటి వీధికుక్కకి నేను ఎన్నేళ్ళు పెట్టానో!

తిరిగిచ్చేయమని అందరూ అన్నా మా చెల్లెలు ఇవ్వలేదు. ఇప్పుడు కాలితో నేలమీద తడితే లేచి వస్తుంది. చేతిసైగలు నాలుగైదు నేర్చింది. నిద్రలో ఉండగా ఎవరూ ముట్టుకోకూడదన్నది ఆ ఇంటి నియమం, ఉలిక్కిపడి కరిచే ప్రమాదముంది. గొలుసు లేకుండా వీధిలోకి వదలరు.

మొన్న వెళ్ళినప్పుడు చూశాను, వీధి తలుపుకి వీపు ఆనించి పడుకుంటోంది. నేను గడియ తీయబోతే తలుపు అదిరిందేమో, దిగ్గున లేచి నిలబడింది.