చూలాలి రక్తపుపోటు - శిశువు పెరుగుదల



గుఱ్ఱపు వాతమను పేరు వినని పల్లె మనలో అరుదు. నా చిన్ననాట బంధువుల యింట ఒక నిండుచూలాలు తలనొప్పి యని పడుకొని, కన్నులు మసకలు క్రమ్మి, మూర్ఛలతో తెలివి తప్పుట చూచితిని. గాలి సోకినదని అందఱు ననిరి. దానికి ముందే ఆమె రక్తపుపోటు హెచ్చియుండునని అక్కడ నెవ్వరికిని తెలియదు.

ఈ యెఱుక పెద్ద దేశములకును ఆలస్యముగానే కలిగినది. 1843లో లండనునందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్, ఇట్టి మూర్ఛలు గల స్త్రీల మూత్రమునందు గ్రుడ్డులోని తెల్లసొన వంటి పదార్థమును కనుగొనెను. పోటును సులువుగా కొలుచు సాధనము మాత్రము అప్పటికి లేదు. 1896లో ఇటలీ దేశపు రీవా-రోచీ, చేతికి పట్టీ చుట్టి గాలి నింపి, పాదరసపు మట్టముతో పోటును కొలుచు పరికరమును వెల్లడించెను. మఱుసటి యేడే ఫ్రెంచి వైద్యులు వాకే, నోబెకూర్ అనువారు మూర్ఛలు వచ్చిన గర్భిణులలో పోటు హెచ్చియుండుట గుర్తించిరి. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ మోచేతి మడతకడ శబ్దము విను పద్ధతిని చేర్చెను. నేడును పెక్కు ఆసుపత్రులలో నర్సమ్మలు చేయునది అదియే.

మీదిసంఖ్య 140 గాని, క్రిందిసంఖ్య 90 గాని చేరినచో గర్భిణికి పోటు హెచ్చినట్లు లెక్క. 160, 110 దాటినచో ప్రమాదము. దానికి మందు వెంటనే వలయునని వైద్యులలో భేదము లేదు. తగవంతయు నడిమి పోటును గూర్చియే.

ఆ తగవు రైతులకు సులభముగా బోధపడును. గర్భకోశపు రక్తనాళములు తొలినెలలలో వెడల్పై మాయకు ధారాళముగా రక్తము నందీయవలెను. కొందఱిలో అవి సన్నగానే నిలిచిపోవును. సన్నని కాలువ చివరి మడివలె, అట్టి గర్భములో శిశువు చాలినంత పెరుగదు. మఱి తల్లి పోటును మందుతో తగ్గించినచో కాలువలో నీటి వేగమును తగ్గి, ఆ మడి యింకను ఎండునేమో! ఇది వట్టి భయము కాదు. 2000లో పెక్కు పరిశోధనలను ఒక్కచోట కూర్చి చూడగా, పోటు ఎంత తగ్గెనో శిశువులంత చిన్నవారుగా పుట్టినట్లు కానవచ్చెను. అందుచేత కొద్దిపాటి పోటును చాలమంది వైద్యులు మందు లేకయే విడిచిపెట్టిరి. వారిని నేను తప్పుపట్టజాలను.

2022లో అమెరికానుండి సమాధానము వచ్చెను. గర్భమునకు ముందే గాని, తొలి నెలలలో గాని కొద్దిగా పోటు గల 2408 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసిరి. ఒక జట్టునకు పోటు 140, 90 లోపునకు దిగునట్లు మందు లిచ్చిరి; రెండవ జట్టునకు పోటు తీవ్రమైననే యిచ్చిరి. తల్లికి తీవ్రవ్యాధి, మాయ ముందే విడిపోవుట, వ్యాధివలన నెలలు నిండకయే కాన్పు చేయవలసివచ్చుట, శిశుమరణము మొదలగు కష్టములు మందు లిచ్చిన జట్టులో నూటికి 30, రెండవదానిలో 37. మిక్కిలి చిన్న బిడ్డలో? ఒకట 11, మఱియొకట 10; లెక్కింపదగిన భేదము లేదు. మడి యెండలేదు.

ఒక్క హెచ్చరిక. ఆ మందులు గర్భిణికి తగినవిగా ఏర్చినవి. పెద్దవారు వాడు పోటుమాత్రలలో కొన్ని గర్భస్థశిశువు మూత్రపిండములను చెఱచును. మామగారి డబ్బాలోని మాత్రను కోడలికిచ్చిన యింటిని నే నెఱుగుదును.