ఢిల్లీ బ్రెవేలకు ఇటాలియన్ కార్బన్ ఫ్రేము

చక్రాలు, గేర్లు, బ్రేకులు బిగించకముందు రోడ్డు సైకిల్‌కు ఉండే చట్రాన్నీ, ముందు ఫోర్కునూ కలిపి ఫ్రేమ్‌సెట్ అంటారు. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల నుంచి బ్రెవేలు తొక్కేవారు ఇటలీ కంపెనీల కార్బన్ ఫ్రేమ్‌సెట్ కొనేటప్పుడు చూసుకోవలసినవి పందెం సైకిల్ కొనేవారు చూసేవాటికంటే వేరు.

బ్రెవే పందెం కాదు, గడువులోగా పూర్తిచేయాల్సిన సవారీ. ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. మన దేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా రాండన్యూర్స్ చూసుకుంటుంది. నాలుగేళ్లకోసారి జరిగే 1200 కి.మీ. పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు అర్హత ఈ నాలుగు దూరాలతోనే. దాబాలో పరాఠా తిన్న సమయంతో సహా గంటకు 15 కి.మీ. సగటు వస్తే చాలు. అందుకే వేగం సంగతి తర్వాత, పదమూడో గంటలో మెడా నడుమూ ఏమంటున్నాయన్నది ముందు.

ఢిల్లీ చుట్టూ నేల దాదాపు బల్లపరుపు. గురుగ్రామ్–ఫరీదాబాద్ రోడ్డులో ఆరావళి గుట్టలు కొంచెం చెమట పట్టిస్తాయి. ముర్తల్ మీదుగా కర్నాల్ వెళ్లే 44వ జాతీయ రహదారిలోనైతే ఫ్లైఓవరే కొండ. ఇలాంటి చోట ఫ్రేములో 300 గ్రాములు తగ్గించుకోవడానికి వేలకు వేలు పోయడం దండగ. 750 మి.లీ. సీసాలు రెండు నింపితేనే కిలోన్నర! ఆ డబ్బు టైరుకు చోటున్న ఫ్రేముకు పెట్టడం మేలు. ఫ్లైఓవర్ల అతుకులు, గుంతలు, పెయింటు వెలిసిన స్పీడ్ బ్రేకర్లు రాత్రిపూట ఎదురైనప్పుడు కాపాడేది టైరులోని గాలే. పాత రిమ్ బ్రేకు ఫ్రేముల్లో 25 మి.మీ. టైరుకు మించి పట్టనివి చాలా ఉన్నాయి. ఈ రోడ్లకు కనీసం 28, వీలైతే 32 కావాలి.

సైజు దగ్గర పొరపాటు పడేవారే ఎక్కువ. పెడళ్ల ఇరుసు నుంచి, ఫోర్కు దూరే హెడ్ ట్యూబ్ పైఅంచుకు నిలువు ఎత్తు స్టాక్, అడ్డదూరం రీచ్. స్టాక్‌ను రీచ్‌తో భాగిస్తే పందెం ఫ్రేముల్లో దాదాపు 1.4 వస్తుంది. ఆఫీసు కుర్చీకి అలవాటుపడిన నడుముకు 1.5, ఆపైన హాయి. స్టిక్కరు మీది సైజు అంకెను నమ్మకూడదు, కంపెనీకో కొలత.

ఇటలీ పేర్ల మోజుకు కారణం చరిత్ర. బియాంకి 1885లో మిలాన్‌లో, విలియెర్ 1906లో, పినరెల్లో 1952లో, కొల్నాగో 1954లో పుట్టాయి. కార్బన్ గొట్టాలను లగ్గులనే కీళ్ల తొడుగులతో అతికించి కొల్నాగో చేసిన సీ40 మీద ఫ్రాంకో బల్లెరీని 1995లో రాళ్లదారుల పారిస్–రూబే గెలిచాడు. అయితే పేరు ఇటలీదైనా పోత ఆసియాలోది కావచ్చు; అదేమీ లోపం కాదు. దూరపు సవారీకి బియాంకి 2013లో తెచ్చిన ఇన్ఫినిటో సీవీ గుర్తుంచుకోదగ్గది. దాని కార్బన్ పొరల మధ్య అదురును మింగే పదార్థం ఉంటుంది.

మిస్త్రీకి ముందే చెప్పాల్సింది ఇటాలియన్ మర. కొల్నాగో పాత ఫ్రేముల్లో, పినరెల్లో డోగ్మా ఎఫ్12 వంటివాటిలో పెడళ్ల ఇరుసును పట్టే కప్పులు రెండూ కుడి మరలే. బ్రిటిష్ మరలో గొలుసు వైపుది ఎడమ మర. తేడా తెలియక బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. ఇటాలియన్ మరలో గొలుసు వైపు కప్పు తొక్కుతుంటే వదులయ్యే స్వభావం ఉంది కాబట్టి గట్టిగా బిగించాలి. కేబుళ్లన్నీ హెడ్‌సెట్ లోపలి నుంచి పోయే కొత్త ఫ్రేములు చూడ్డానికి ముచ్చటే గానీ, ఢిల్లీ దుమ్ముకు బేరింగు పోతే దాన్ని మార్చడానికి బ్రేకు గొట్టాలు కూడా విప్పాల్సి రావచ్చు.

వాడిన ఫ్రేమైతే పెయింటు కింద పగుళ్లు దాగుంటాయి. కార్బన్‌కు ఉక్కులా సొట్ట పడదు. ఫోర్కు ఊడదీసి స్టీరర్ గొట్టాన్ని, ఇరుసు చుట్టూ, సీటు బిగింపు దగ్గర వెలుతురులో చూడాలి. నాణెంతో తట్టినప్పుడు ఒకచోట మాత్రం మొద్దు శబ్దం వస్తే అనుమానించాలి. ఫోర్కు తీయడానికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం అక్కడితో ఆపేయవచ్చు.