చీకటికి చూపునిచ్చే మూడు వోల్టులు

అలంపూర్ చౌరస్తా మీదుగా వెళ్లి తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు. 2025 అక్టోబరు 16న అక్కడి సభలో ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేసిన వాటిలో ఒక ఫ్యాక్టరీ ఉంది. కృష్ణా జిల్లా నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, అంటే బెల్, సుమారు 360 కోట్ల రూపాయలతో కట్టిన నైట్ విజన్ పరికరాల ఫ్యాక్టరీ అది. మన జూరాల గేట్ల కింద పారే కృష్ణమ్మ చివరికి చేరేది ఆ జిల్లాకే.

నైట్ విజన్ అనగానే అందరి దృష్టీ అద్దాల మీదికి, లోపలి ట్యూబు మీదికి పోతుంది. ఆ ట్యూబు చుట్టూ కడియంలా అమరే పవర్ సప్లైని పట్టించుకునేవాళ్లు తక్కువ. నా లెక్కలో ఈ పరికరం చరిత్రలో సగం ఆ కడియానిదే.

నక్షత్రాల వెలుగు లెన్సు గుండా వచ్చి ట్యూబు ముందుభాగంలోని ఫోటోక్యాథోడ్ పొర మీద పడుతుంది. అందులోంచి కొన్ని ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. వాటిని వేగంగా తోసి వెనకనున్న ఫాస్ఫర్ తెరకు కొడితేనే అక్కడ బొమ్మ వెలుగుతుంది. ఆ తోపుకు వేల వోల్టులు కావాలి. కరెంటు మాత్రం దాదాపు అక్కర్లేదు, ఆంపియరులో వందకోట్లో వంతులతో పనైపోతుంది. వోల్టేజీ కొండంత, కరెంటు ఆవగింజంత. ఇలాంటి సరఫరా తయారుచేయడం ఎలా అన్నదే దాదాపు వందేళ్లుగా ఇంజినీర్లను వెంటాడిన ప్రశ్న.

కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ను బొమ్మగా మార్చే తొలి ట్యూబు 1934లో హాలండ్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో పుట్టింది. చేసినవారిలో ముఖ్యుడైన హోల్స్ట్ పేరుతోనే దాన్ని పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మన్లు తుపాకీ మీద బిగించిన 'వాంపిర్' సైటు రెండుంబావు కిలోలే. కానీ దాని ఇన్‌ఫ్రారెడ్ దీపం కోసం సైనికుడు పదమూడున్నర కిలోల బ్యాటరీ పెట్టెను మోయాల్సి వచ్చేది. ట్యూబు కోసం మరో బ్యాటరీని గ్యాస్ మాస్కు డబ్బాలో పెట్టుకునేవాడు.

అదే యుద్ధంలో బ్రిటన్ వాళ్లు పట్టిన దారి నాకు మరీ ఇష్టం. వాళ్లు 1812 నాటి ఒక పాత ఆలోచనను బయటికి తీశారు. ఇటలీకి చెందిన జుసెప్పె జాంబోని కాగితపు బిళ్లలకు ఒకవైపు లోహపు రేకు, రెండోవైపు మాంగనీస్ డైఆక్సైడ్ పూసి, వేలకొద్దీ బిళ్లలను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఒక్కో బిళ్ల ఇచ్చే వోల్టేజీ కొంచెమే, వేల బిళ్లలు కలిస్తే వేల వోల్టులు. కరెంటు మాత్రం అతి స్వల్పం. వందేళ్లకు పైగా ఇది భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో వింతగా మిగిలిపోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో 1840 నుంచి దాదాపు ఆగకుండా కొట్టుకుంటున్న గంటను నడిపిస్తున్నది ఈ కోవకు చెందిన పొడి బ్యాటరీలే. ఇమేజ్ ట్యూబుకు సరిగ్గా ఇదే కావాలని బ్రిటిష్ శాస్త్రవేత్తలు గుర్తించారు. స్విచ్చి, ట్రాన్స్‌ఫార్మరు, చప్పుడు ఏవీ అక్కర్లేదు. సైనిక ఇమేజ్ ట్యూబుల కోసం ఈ కాగితపు బ్యాటరీలను 1980ల దాకా చేస్తూనే ఉన్నారు.

అసలు మలుపు మరో పాత సర్క్యూటుతో వచ్చింది. కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ 1932లో లిథియం పరమాణు కేంద్రకాన్ని చీల్చడానికి డయోడ్లు, కెపాసిటర్లతో ఒక నిచ్చెన సర్క్యూటు వాడారు. లోతైన బావి నుంచి మెట్టుమెట్టుకో ఏతం పెట్టి నీళ్లు పైకి ఎక్కించినట్టు, ఆ సర్క్యూటు వోల్టేజీని అంచెలంచెలుగా పెంచుకుంటూ పోతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికన్ల స్టార్‌లైట్ స్కోపులో మూడు ట్యూబులు వరుసగా ఉండేవి, ఒక్కోదానికి దాదాపు 15 వేల వోల్టులు. చిన్న బ్యాటరీ, ఒక ఆసిలేటరు, ట్యూబు చుట్టూనే చుట్టిన ఆ నిచ్చెన కలిసి 45 వేల వోల్టుల దాకా అందించేవి. వీపు మీది పెట్టె మాయమైంది. పాత పిక్చర్‌ట్యూబు టీవీలు బాగుచేసిన వనపర్తి మెకానిక్కులకు ఇది కొత్త విషయం కాదు. 'ఈహెచ్‌టీ' (ఎక్స్‌ట్రా హై టెన్షన్) దగ్గర చెయ్యి పెట్టొద్దని వాళ్లు కుర్రాళ్లను హెచ్చరించేది ఇలాంటి వోల్టేజీ గురించే.

తర్వాతి తరంలో లక్షలాది సన్నటి రంధ్రాలున్న మైక్రోచానెల్ ప్లేటు వచ్చింది. ఎలక్ట్రాన్ రంధ్రపు గోడలకు తగిలినప్పుడల్లా మరిన్ని ఎలక్ట్రాన్లు పుడతాయి. అప్పటి నుంచి పవర్ సప్లై పని ఇంకా సున్నితమైంది. మూడో తరం ట్యూబుల్లో క్యాథోడ్‌కూ ప్లేటుకూ నడుమ దాదాపు 800 వోల్టులు, ప్లేటుకు వెయ్యి దరిదాపుల్లో, తెరకు ఐదారు వేలు. మధ్య ఖాళీలు చూస్తే మిల్లీమీటరు అటూ ఇటూ. ఇవన్నీ మూడు వోల్టుల లోపు బ్యాటరీ నుంచే రావాలి, అదీ ఇరవై మిల్లీ ఆంపియర్ల దరిదాపుల్లో తీసుకుంటూ.

వోల్టేజీ ఇచ్చి ఊరుకుంటే చాలదు. తెర మీది వెలుగు పెరిగితే పవర్ సప్లైయే గమనించి ప్లేటు వోల్టేజీ తగ్గిస్తుంది. ఎదురుగా లారీ హెడ్‌లైటో, తుపాకీ మంటో మెరిస్తే క్యాథోడ్‌ను కాపాడాలి. పాత పద్ధతిలో ఆ క్షణాన వోల్టేజీ పడిపోయి బొమ్మ మసకబారేది. ఇప్పటి ఆటోగేటింగ్ పూర్తి వోల్టేజీనే ఇస్తూ, దాన్ని అతి వేగంగా వేసి తీస్తుంది. ట్యూబు బతుకుతుంది, బొమ్మా చెదరదు. ఇక కడియంలో పోసే రెసిన్‌లో ఒక్క గాలి బుడగ మిగిలినా అక్కడ విద్యుత్తు చిమ్మి తెర మీద మెరుపులు లేస్తాయి. గాలి పలచగా ఉండే హిమాలయ శిఖరాల మీద ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మన దేశంలో ఈ ట్యూబులనూ వాటి హై వోల్టేజీ సప్లైలనూ చేయడానికే బెల్ 1990లో డచ్ సంస్థ డెల్ఫ్ట్‌తో కలిసి పుణెలో కంపెనీ పెట్టింది. 2002లో అది బెల్ అనుబంధ సంస్థగా మారింది. వాటిని వాడి సైటులు, గాగుల్స్ తయారుచేసే పని మచిలీపట్నానిది. అక్కడ 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో బెల్ తీసుకుంది. ప్రయోగశాల సామగ్రి చేసిన ఆ ఊరి పనివాళ్ల చేతి నేర్పు మీదే మన రాత్రి కన్ను రూపుదిద్దుకుంది. దాని విస్తరణే నిమ్మలూరు.

వనపర్తి సంస్థానాధీశుల కోటలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. డయోడ్లు, కెపాసిటర్లతో వోల్టేజీ పెంచే ఆ నిచ్చెన డిప్లొమా విద్యార్థికి అందనిదేమీ కాదు. అక్కడి అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. పరీక్షలో బొమ్మ గీయించి వదిలేయకండి. తక్కువ వోల్టేజీలోనే, మీ కళ్లముందే, పిల్లల చేత ఒక్కో అంచె కట్టించి మీటరు పెట్టించి కొలిపించండి. ఏడాదికి ఒక్క బ్యాచినైనా అనుమతి తీసుకుని నిమ్మలూరు చూపించి తీసుకురండి.